ఇంటిల్లిపాదీ తోడున్నా: బొల్లి మచ్చలున్న ఒకావిడ డిప్రెషన్ కేసు

బొల్లి ఉన్నవాళ్ళ డిప్రెషన్ గురించి మాట్లాడినప్పుడల్లా మనం "ఇంట్లోవాళ్ళ సపోర్ట్ ఉండాలండి" అని ఒక మాట అనేసి వదిలేస్తాం. ఈ కేసులో ఇంట్లోవాళ్ళ సపోర్ట్‌కి ఏ లోటూ లేదు, మొగుడు మంచోడు, అత్తగారు ఇంకా మంచిది, అయినా ఆవిడ రోజురోజుకీ కిందకే పోయింది, అందులో కొంత ఆ సపోర్ట్ వల్లే. అది ఎలా జరిగిందో, ఎలా బయటికి వచ్చిందో వివరంగా రాద్దామని. నేను విజయనగరంలో క్లినికల్ సైకాలజిస్టుగా చేస్తున్నా. ఆవిడని అడిగే రాస్తున్నా, ఊరు, వయసు, ఇంట్లోవాళ్ళ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చేసా.

నేపథ్యం

ముప్పై దాటిన ఆవిడ. శ్రీకాకుళం వైపు హైవేకి దగ్గర్లో ఒక పెద్ద ఊళ్ళో మొగుడూ పెళ్ళాం కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతారు. పొద్దున్న ఇడ్లీ, పూరీ బొంబాయి చట్నీ, సాయంత్రం బజ్జీలు, పునుగులు. అత్తా మావా, పెళ్ళికాని ఆడపడుచు, ఇద్దరు పిల్లలు, అందరూ ఒకటే ఇంట్లో. పెనం దగ్గరా ఆవిడే, డబ్బులు తీసుకునే దగ్గరా ఆవిడే, వచ్చినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి మళ్ళీ వచ్చేలా చేసేదీ ఆవిడే. డ్వాక్రా సంఘంలో రెండో లీడర్, పుస్తకాలు కూడా ఆవిడే రాసేది.

మచ్చలు మొదట వేళ్ళ చివర్లలో వచ్చాయి, తర్వాత పెదాల మీద. బొల్లి అంటే మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడటం, అంతే. అంటదు, తాకితే రాదు, కలిసి తింటే రాదు. ప్రపంచంలో నూటికి అర నుంచి ఇద్దరి దాకా ఉంటుందని లెక్క, అంటే మన ఊళ్ళ సైజుకి ప్రతి ఊళ్ళోనూ కొందరుంటారు. కానీ వేళ్ళ చివర్లు, పెదాలు ఈ జబ్బులో మొండి చోట్లు, మొహం మీదో మెడ మీదో వచ్చినంత తొందరగా ఇక్కడ రంగు తిరిగి రాదు. ఈ ఒక్క విషయం నా ప్లాన్ మొత్తాన్ని నడిపించింది, కింద చెప్తా.

మచ్చలొచ్చాక చాన్నాళ్ళు ఆవిడ బానే ఉంది, ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. పాలూ చేపలూ కలిపి తిన్నావేమో అని ఎవరో అన్నారు, అత్తగారు ఆ మాట పట్టుకుని ఇంట్లో చేపలు వండటమే మానేసింది. చేపలకీ బొల్లికీ సంబంధం లేదు. సముద్రం దగ్గరి ఊరు, చేప లేకపోతే ముద్ద దిగని ఇల్లు, అందరూ ఈవిడ కోసం నోరు కట్టుకున్నారు. ఆదివారాలు అరసవల్లి తీసుకెళ్ళారు, చర్మం జబ్బులకి ఆ సూర్యనారాయణమూర్తికి మొక్కుకోవడం మన దగ్గర తరతరాలుగా ఉన్నదే. స్కిన్ డాక్టర్ దగ్గర లైట్ ట్రీట్‌మెంట్ మొదలైంది, నేరోబ్యాండ్ యూవీబీ అంటారు, వారానికి రెండు మూడు సిట్టింగ్‌లు, నెలల తరబడి వెళ్ళాలి.

తర్వాత కుష్టు సర్వే వచ్చింది. ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా అని చూస్తారు కదా, అది ప్రభుత్వ కార్యక్రమం, వాళ్ళ పని వాళ్ళు చేసారు. ఈవిడ చేతులు వీధి అరుగు మీదే చూసారు, పేరు రాసుకున్నారు, పీహెచ్‌సీకి పంపారు. అక్కడ దూదితో ముట్టి చూసి స్పర్శ బానే ఉంది, ఇది కుష్టు కాదు అని తేల్చేసారు. కుష్టు మచ్చలో మామూలుగా స్పర్శ తగ్గిపోతుంది, బొల్లిలో రంగే పోతుంది గానీ స్పర్శ పోదు. పేరు రాసుకున్న సంగతి వీధంతా చూసింది, కాదని తేలిన సంగతి మాత్రం పీహెచ్‌సీ గదిలోనే ఉండిపోయింది. సాలూరులో కుష్టు ఆసుపత్రి ఉన్న ప్రాంతం మాది, పెద్దవాళ్ళకి ఆ జబ్బు పేరు చెప్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. టిఫిన్‌కి వచ్చేవాళ్ళలో కొందరు తగ్గారు, ఒకాయన అయితే ప్లేటు తీసుకుని చెయ్యి చూసి ప్లేటు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడంట.

ఆ సాయంత్రమే భర్త అన్నాడు, "నువ్వు లోపల పిండీ చట్నీలూ చూసుకో, బయట నేను చూసుకుంటాను" అని. ప్రేమతోనే అన్నాడు.

ఏ బాధతో వచ్చింది

స్కిన్ డాక్టర్ చీటీ మీద రెండు లైన్లు రాసి పంపారు, సిట్టింగ్‌లు మధ్యలో మానేసింది, అడిగితే ఏడుస్తోంది అని. ఆవిడ చెప్పిన కంప్లైంట్లు మాత్రం నిద్ర పట్టట్లేదు, గుండె దడ, గ్యాస్, ఒళ్ళంతా నీరసం. మచ్చల గురించి ఒక్క మాట లేదు. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది, మొహానికి మాస్కు, కరోనా టైమ్‌లో పెట్టుకున్న మాస్కు ఇంక తియ్యలేదంట. నీళ్ళిస్తే గోడ వైపు తిరిగి తాగింది.

డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల స్కేల్ పీహెచ్‌క్యూ-9 (మార్కు పెరిగేకొద్దీ డిప్రెషన్ ఎక్కువ), అందులో 27 కి 18 వచ్చింది. చివరి ప్రశ్న, చనిపోతే బాగుండనిపించడం గురించి, అది నేను కాగితం మీద వదిలెయ్యను, నోటితో అడుగుతా. "నిద్దట్లోనే పోతే బాగున్ను మేడమ్, ఆళ్ళకీ పేణం తెరిపి" అంది. ప్లాన్ ఏమీ లేదు, ప్రయత్నమూ లేదు. కానీ మన పల్లెల్లో ఈ మాట విన్న వెంటనే అడగాల్సింది ఇంట్లో పురుగుమందు ఎక్కడుంది అని. పెరట్లో గోడ పక్కనే ఉంది. భర్తని లోపలికి పిలిచి ఆ డబ్బాలు అదే రోజు ఇంట్లోంచి తీయించేసా, ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసిచ్చా, రాత్రిపూట అయితే టెలి-మానస్ (మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416 అని ఫోన్‌లో సేవ్ చేయించా. మిగతా ఆలోచనంతా దాని తర్వాతే.

ముందు చూసుకున్నవి

డిప్రెషన్ అని ముద్ర వేసే ముందు థైరాయిడ్ చూడాలి. బొల్లి ఉన్నవాళ్ళకి థైరాయిడ్ సమస్యలు మామూలు జనం కంటే ఎక్కువ, థైరాయిడ్ తగ్గితే వచ్చే నీరసం, మందకొడితనం అచ్చం డిప్రెషన్ లాగే ఉంటాయి. టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది. హిమోగ్లోబిన్ మాత్రం 9 దగ్గరుంది, ఐరన్ మొదలైంది, ఆ నీరసంలో కొంత వాటా దానిది.

ఇంకోటి, నిద్ర రాని రోజులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టమన్నా. చూస్తే ప్రతి శని, ఆదివారాలు రాత్రిళ్ళు జాగారమే. ఆవిడ వాడే స్టెరాయిడ్ మాత్ర వారంలో ఆ రెండు రోజులే వెయ్యాలి, బొల్లి పాకకుండా మన దేశంలో బాగా వాడే పద్ధతే అది. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, మూడ్‌ని కూడా అటూ ఇటూ చేస్తుంది. స్కిన్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడితే మచ్చలు కొత్తగా పాకట్లేదు కాబట్టి మెల్లగా ఆపేద్దాం అన్నారు. (పేషెంట్లకి నా సలహా, ఇలాంటి మాత్రలు మీ అంతట మీరు ఠక్కున ఆపెయ్యకండి, డాక్టర్నడగండి.)

వీటి వల్ల నిద్ర కొంచెం కుదురుకుంది, మనసు కుదుర్లేదు. అంటే ఇది కేవలం ఒంటి సమస్య కాదు.

సపోర్ట్ ఎంతుందో కొలిస్తే

దీనికి 12 ప్రశ్నల స్కేల్ ఒకటుంది, ఎంఎస్‌పీఎస్‌ఎస్ అంటారు, కుటుంబం, స్నేహితులు, మనకి ముఖ్యమైన మనిషి, ఈ మూడు వైపుల నుంచీ సపోర్ట్ ఉందనిపిస్తోందా అని 1 నుంచి 7 దాకా మార్కులు. తెలుగులో చదివి వినిపించా. స్నేహితుల దగ్గర బాగా తక్కువ, అది ఊహించిందే. కుటుంబం దగ్గర టోటల్ చూస్తే పర్లేదు అనిపిస్తుంది. కానీ టోటల్ దగ్గర ఆగకూడదు. "నాకు సాయం చెయ్యాలని మా ఇంట్లోవాళ్ళు నిజంగా ప్రయత్నిస్తారు" అన్నదానికి 7, అదే కుటుంబం కాలమ్‌లో "నా సమస్యలు ఇంట్లోవాళ్ళతో మాట్లాడగలను" అన్నదానికి 2. ఎందుకు రెండే అని అడిగితే, "నాకోసం సేపలు మానేసినోల్ల కాడ ఇంకా ఏటని ఏడస్తాను మేడమ్" అంది.

అక్కడ నాకు లైన్ దొరికింది. సాయం చేసేవాళ్ళ ముందు బాధపడే హక్కు కూడా పోయింది ఆవిడకి.

దాంతో ఒక కాగితం తీసి టైమ్‌లైన్ గీసాం. మచ్చలు ఎప్పుడొచ్చాయి, పెదాల మీదకి ఎప్పుడొచ్చాయి, సర్వే ఎప్పుడు, లోపలికి ఎప్పుడు మారింది, ఏడుపు ఎప్పుడు మొదలైంది. మచ్చలొచ్చిన చాలాకాలం దాకా ఏడుపు లేదు. సర్వే తర్వాత భయం ఉంది, కోపం ఉంది, కానీ పని చేస్తూనే ఉంది. కౌంటర్ వదిలేసి లోపలికి వెళ్ళాక ఒకట్రెండు నెలల్లో నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఏడుపొచ్చింది. మచ్చల వల్ల డిప్రెషన్ అని చీటీలో రాసేసుకుంటే ఈ క్రమం కనపడదు.

చేసి చూసినవి, కుదరనివి

మొదట నిర్ణయించుకుంది ఏంటంటే, మచ్చలు తగ్గాక మనసు కుదుటపడుతుంది అనే లెక్కలో పోకూడదు. వేళ్ళూ పెదాలూ తొందరగా రంగు తిరిగే చోట్లు కావు, ఏడాది పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. ఆవిడ మనసుని ఆ వేళ్ళకి కట్టేస్తే ప్రతి సిట్టింగ్ తర్వాతా నిరాశే. అందుకే డిప్రెషన్‌కి ట్రీట్‌మెంట్ దాని దారిన అది, చర్మానిది దాని దారిన అది.

సైకియాట్రిస్ట్ ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు, 5 మి.గ్రా. నుంచి 10 కి పెంచారు. ఏడుపు తగ్గింది, ఆకలి వచ్చింది, పీహెచ్‌క్యూ 13 కి దిగింది. అక్కడే ఆగిపోయింది. రోజు మొత్తం ఎలా గడుస్తోంది అంటే మార్పు లేదు, లోపలి గదిలో చట్నీ రుబ్బడం, టీవీ, పడుకోవడం. మందు ఆవిడని లేచి కూర్చోబెట్టింది, వెళ్ళడానికి చోటు లేదు.

కుటుంబాన్ని కూర్చోబెట్టి "ఇది అంటదు" అని చెప్పడం అందరం చేసే పనే, చేసా. అందరూ తల ఊపారు. వాళ్ళకి ముందే తెలుసు, ఆవిడ వండిందే తింటున్నారు, పిల్లలు ఆవిడ పక్కనే పడుకుంటున్నారు. తెలియక చేస్తున్నదేమీ లేదు ఆ ఇంట్లో, కాబట్టి తెలియజెప్పడం వల్ల మారేదీ లేదు.

సీబీటీ అని, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే టాకింగ్ థెరపీ, అందులో ఆలోచనల్ని రాసి, ఇది నిజమా, సాక్ష్యం ఏంటి అని పరీక్షించడం ఉంటుంది. "నా చేతులు చూసి జనం అసహ్యించుకుంటారు" అని రాసింది. సాక్ష్యం ఏంటి అంటే ప్లేటు వదిలేసి వెళ్ళినాయన ఉన్నాడు కదా. ఆవిడ ఆలోచన తప్పు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. నిజంగా వివక్ష జరుగుతున్నప్పుడు దాన్ని పేషెంట్ బుర్రలో తప్పు ఆలోచనగా చూపిస్తే ఆవిడ మనల్ని నమ్మడం మానేస్తుంది. ఆ షీట్లు పక్కన పెట్టేసాం.

అరసవల్లి గురించి ఆవిడ ఒక మాట అంది, అక్కడ క్యూలో నిలబడితే కొంచెం ఊపిరాడుతుంది అని, అందరూ ఏదో ఒక ఒంటి బాధతో వచ్చినవాళ్ళే, ఎవరూ వింతగా చూడరు. తనలాంటివాళ్ళ మధ్య ఉంటే తేలికవుతుందేమో అని బొల్లి ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకదాంట్లో చేరమన్నాం. అది బెడిసికొట్టింది. పొద్దున లేస్తే ఫలానా ఆకు పసరు, ఫలానా నూనె, మచ్చలు పూర్తిగా పోయిన ఫోటోలు, మధ్యలో ఎవరిదో సంబంధం తప్పిపోయిందని వాయిస్ మెసేజ్. రాత్రి అది విని ఆవిడ తెల్లారేదాకా కూతురి పెళ్ళి గురించి ఆలోచిస్తూ కూర్చుంది, కూతురు ఒకటో క్లాసు. గ్రూప్ లోంచి వచ్చెయ్యమన్నా. నాకు అర్థమైనంతలో తేడా ఏంటంటే అరసవల్లి క్యూలో జబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, ఈ గ్రూప్‌లో జబ్బు తప్ప ఇంకోటి మాట్లాడరు. మంచి గ్రూపులు ఉండవని కాదు, ఆ దశలో ఆవిడకి అది సరిపడలేదు.

మచ్చలు కప్పే క్రీము పెదాల పక్కన పనికొచ్చింది, పెళ్ళిళ్ళకి బావుంటుంది. చేతులకి కుదరదు, టిఫిన్ సెంటర్‌లో గంటకి పదిసార్లు చేతులు కడగాలి.

పనిచేసింది

ఇంకో కాగితం తీసాం. ఈసారి ఆవిడ చేసే పనుల్లో ఏ పని ఎవరు తీసుకున్నారు అని. కౌంటర్, డబ్బులు భర్త. వడ్డన ఆడపడుచు. పిల్లల్ని స్కూల్లో దింపడం మావగారు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ అత్తగారు ఒక్కతే. సంఘం మీటింగ్‌కి పక్కింటావిడతో డబ్బు పంపించెయ్యడం, పుస్తకాలు వేరేవాళ్ళు రాస్తున్నారు. ఇవన్నీ రాసాక కాసేపు ఆగి, కూతురికి జడలు వెయ్యడం కూడా ఆడపడుచే అని చెప్పింది. అది మాత్రం ఎవరూ తీసుకోలేదు, ఈవిడే ఇచ్చేసింది, తన వేళ్ళు పిల్ల తలకి తగిలితే పిల్లకి వస్తుందేమో అని. అంటదని తెలిసీ. వంశపారంపర్యంగా కొంత అవకాశం ఉన్నా ఎక్కువమంది పిల్లలకి రాదు, ముట్టుకుంటే అసలే రాదు, ఇది ఆవిడకి స్కిన్ డాక్టర్ చెప్పారు, నేనూ చెప్పా, చేతులే వినలేదు.

ఆ కాగితాన్ని కుటుంబం ముందు పెట్టా. ఎవర్నీ తప్పు పట్టలేదు. ఇవన్నీ మీరు ప్రేమతో తీసుకున్నవి, ఇప్పుడు ఒక్కొక్కటీ వెనక్కి ఇవ్వాలి, అది కూడా ప్రేమే అన్నా. భర్త ఒప్పుకున్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు. "ఎవులైనా దాన్ని ఒక మాటంతే నాను బరించలేనమ్మా, ఇంటికాడే ఉండనీ" అంది. ఆ గదిలో అందరికంటే నిజం మాట్లాడింది ఆవిడే. లోపల పెట్టడం వల్ల కోడలికి ఎంత ఉపశమనమో తెలీదు గానీ ఇంట్లోవాళ్ళకి మాత్రం ఉపశమనం, వాళ్ళు ఆ చూపులు చూడక్కర్లేదు. అందుకే తర్వాతి సెషన్లు కొన్ని అత్తగారితోనే చేసా, కోడలి గురించి కాదు, ఆవిడ భయం గురించి.

తేలికైనదాంతో మొదలు. జడలు. రోజూ పొద్దున్న ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు, ఆడపడుచు పక్కన ఉండకూడదు. మొదటి వారం చేతులు వణికాయంట, జడ వంకర పోయిందని పిల్ల గొడవ చేసిందంట. గొడవ చెయ్యడం నాకు నచ్చింది, అమ్మ చేతుల మీద పిల్లకి ఉన్న కంప్లైంట్ జడ గురించే.

తర్వాత ఆదివారం చేపలు. ఇది థెరపీ పుస్తకాల్లో ఉండదు. నా వల్ల అందరూ నోరు కట్టుకున్నారు అనే భారం దిగాలంటే ఆ ఇంట్లో చేపల పులుసు ఉడకాలి, అది కూడా ఆవిడే వండాలి. స్కిన్ డాక్టర్‌తో అత్తగారికి ఫోన్‌లో చెప్పించా, చేపలు తినొచ్చు అని. డాక్టర్ చెప్తే విన్నారు.

కౌంటర్ ఆఖర్న అనుకున్నా, ఆవిడే ముందుకు జరిపింది. మెట్లుగా వెళ్ళాం, మొదట మధ్యాహ్నం బేరం పల్చగా ఉన్నప్పుడు, తర్వాత సాయంత్రం, పొద్దున్న రద్దీ చివర్న. మాస్కు ముందు తీసేసింది, చేతులు తర్వాత. భర్తకి ఇచ్చిన పని ఒకటే, ఎవరైనా చెయ్యి చూస్తే మధ్యలో దూరకూడదు. ఇది ఆయనకి చాలా కష్టమైంది. జవాబు ఆవిడే చెప్పాలి, దాన్ని నా గదిలో ప్రాక్టీస్ చేసాం, నేను కస్టమర్ని. మొదట్లో పెద్ద వివరణ ఇచ్చేది, అలా చెప్తే సంజాయిషీ ఇస్తున్నట్టుంటుంది, ఎదుటివాడికి ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది. కోస్తూ కోస్తూ ఇంత మిగిలింది: "బొల్లండి. అంటదు. అల్లం చట్నీ ఎయ్యమంతారా?" చివరి ప్రశ్న ఆవిడే కలిపింది. మాట మళ్ళీ టిఫిన్ మీదకి వచ్చేస్తుంది.

కొందరు తిరిగి రాలేదు. ఒకరిద్దరు పార్సిల్ అడిగి భర్త చేత కట్టించుకున్నారు. అది జరుగుతుందని ముందే మాట్లాడుకున్నాం, జరిగితే ఆ రోజు ఏం చెయ్యాలో కూడా (లోపలికి వెళ్ళొచ్చు, పది నిమిషాలు, మళ్ళీ రావాలి). ముందే అనుకోకపోయుంటే ఆ పార్సిల్ ఒక్కటి చాలు మళ్ళీ లోపలే ఉండిపోవడానికి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది సంఘం. పుస్తకాలు మళ్ళీ ఆవిడే రాయడం మొదలుపెట్టింది, పదిమంది మధ్య చేతులు చాపి కూర్చుని రాసే పని, దాచుకోవడం కుదరదు. అప్పట్లో సర్వేకి వచ్చిన ఆశా వర్కర్ కూడా ఆ సంఘంలో మెంబరే. నేను ఈవిడ ద్వారా ఆమెకి కబురు పెట్టించా, మీటింగ్‌లో ఒక్క మాట చెప్పగలరా అని. ఆ ఆశా ఏ స్పీచూ ఇవ్వకుండా కుష్టు ఎలా ఉంటుంది, బొల్లి ఎలా ఉంటుంది, ఈవిడది పీహెచ్‌సీలో చూసి కాదని రాసారు అని చెప్పి ఈవిడ పక్కనే కూర్చుని టీ తాగిందంట. ఊళ్ళో పుకారు ఏ నోటి నుంచి మొదలైందని జనం అనుకుంటున్నారో ఆ నోటి నుంచే కాదని వస్తే దానికి ఉన్న బలం మా ఇంటిల్లిపాది కౌన్సెలింగ్‌కి లేదు. బొల్లి విషయంలో వీధిలో పుట్టిన మాటని వీధిలోనే కడగాలి, క్లినిక్‌లో కడిగితే పోదు.

లైట్ ట్రీట్‌మెంట్ మళ్ళీ మొదలైంది. ఇదివరకు సిట్టింగ్ అంటే భర్త షాపు మూసి, అత్తగారు క్యారేజీ కట్టి, ఇంటిల్లిపాదీ కదిలేవాళ్ళు, అందుకే మానేసింది, అంతమందిని కష్టపెడుతున్నా అని. ఇప్పుడు సంఘంలో ఇంకో ఆవిడ అదే రోజుల్లో టౌన్‌కి సరుకులకి వెళ్తుంది, ఇద్దరూ కలిసి బస్సెక్కుతారు, ఈవిడ సిట్టింగ్ అయ్యేలోపు ఆవిడ సరుకులు తీసుకుంటుంది. ఆ సపోర్ట్‌లో త్యాగం ఏమీ లేదు, బహుశా అందుకే నిలబడింది.

ఇప్పుడు

పీహెచ్‌క్యూ 6 దగ్గర నిలకడగా ఉంది, చివరి ప్రశ్నకి సున్నా. ఆ సపోర్ట్ స్కేల్ మళ్ళీ చదివితే "సాయం చెయ్యాలని ప్రయత్నిస్తారు" అన్నది 7 నుంచి 6 కి తగ్గింది, "మాట్లాడగలను" అన్నది 5 కి పెరిగింది. ఆ ఒక్క మార్కు తగ్గడం నాకు బాగా నచ్చింది, కుటుంబం నిజంగానే కొన్ని పనులు చెయ్యడం మానేసింది. పెదాల పక్కన కొంచెం రంగు తిరిగింది, వేళ్ళ చివర్లు అలాగే ఉన్నాయి.

ఇలాంటి కేసుల్లో ఇప్పుడు నేను మొదటి రెండు మూడు విజిట్లలోనే "మీ పనుల్లో ఏవి ఇప్పుడు వేరేవాళ్ళు చేస్తున్నారు" అని అడుగుతున్నా, మీకు సపోర్ట్ ఉందా అనే ప్రశ్న కంటే దీనికి వచ్చే జవాబు పనికొస్తోంది. సోరియాసిస్ ఉన్న మగవాళ్ళని అడిగినా ఇలాంటివే బయటికొస్తున్నాయి, అక్కడ పోయేది ఎక్కువగా స్నేహితులతో కూర్చోవడం, సెలూన్‌కి వెళ్ళడం.

మందు గురించి ఆవిడ అడుగుతోంది, ఇంక ఆపెయ్యొచ్చా అని. బాగున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి, ఆ లెక్కకి దగ్గరకొచ్చాం. కానీ ఆడపడుచుకి సంబంధం కుదిరింది, పెళ్ళివారి ముందు వదిన హోదాలో అన్నీ ఆవిడే చెయ్యాలి, తాంబూలాలు ఇవ్వడం దగ్గర్నుంచి. అత్తగారే అంది ఆ మాట, "అదే ఇస్తాది" అని. పెళ్ళి అయ్యి, ఆ సందడి దిగి, ఒక నెల చూసాక అప్పుడు మెల్లగా తగ్గించడం మొదలుపెడదాం అని సైకియాట్రిస్ట్, నేను, ఆవిడ కలిసి అనుకున్నాం.